మూతికి బొటాక్స్, నీతికి ఫిల్లర్

సౌదీ అరేబియాలో ఒంటెలకు అందాల పోటీ పెడతారు. రియాద్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, సయాహిద్ ఎడారిలో, కింగ్ అబ్దులజీజ్ పేరిట ఏటా జరిగే జాతర అది. పెదవి వేలాడాలి. మెడ సాగాలి. మూపురం కుదురుగా కూర్చోవాలి. తల ఇంత లావున ఉండాలి. 2021లో బహుమతుల మొత్తమే 6 కోట్ల 60 లక్షల డాలర్లు. అంత సొమ్ము కళ్లెదుట పోసి, దేవుడిచ్చిన మూతితోనే రమ్మంటే యజమాని వింటాడా?

వినలేదు. ఆ డిసెంబరులో నలభైకి పైగా ఒంటెల్ని పోటీ నుంచి వెళ్లగొట్టారు. మూతికి బొటాక్స్ పొడిపించారట. కండ పట్టడానికి హార్మోన్లు ఎక్కించారట. రబ్బరు బ్యాండ్లు బిగించి అక్కడా ఇక్కడా ఉబ్బించారట. పెదవులు పట్టుకుని సాగదీశారట. 2018లోనూ పన్నెండు ఒంటెలు ఇలాగే దొరికాయి. అధునాతన పరికరాలతో పట్టేశామని నిర్వాహకులు ఛాతీ విరుచుకున్నారు. మోసగాళ్లను వదిలేది లేదన్నారు. వార్త లోకమంతా తిరిగింది. అందరం నవ్వాం. ప్రపంచ పత్రికల్లో ఫోటో ఎవరిది పడింది? ఒంటెది. సూది పొడిపించిన షేకుది కాదు.

ఆ ఒంటెల కోసం అక్కడే ఒక హోటల్ కూడా తెరిచారు. టాట్మన్ అని పేరు. 120 గదులు. అప్పట్లో రాత్రికి 400 రియాళ్లు. చలి కదా పాపం, గదులు వెచ్చగా ఉంచుతారు, వేడి పాలు పోస్తారు. మరి ఒంటెల్ని కాసేవాడు? వాడు మన జగిత్యాల వాడో, రాయచోటి వాడో అయి ఉంటాడు. డ్రైవర్ పని అని ఏజెంటు వీసా చేతిలో పెట్టి ఉంటాడు. దిగాక అక్కడి యజమాని, అంటే కఫీల్, పాస్‌పోర్టు గుంజుకుని, ఎడారి మధ్యలో మందను అప్పగించి ఉంటాడు. ‘సారూ, నన్ను ఇంటికి తోలించండి’ అని ఏడుస్తూ వీడియో పెడితే మన టీవీలకు రెండు రోజుల మేత. మూడో రోజు ఇంకో వార్త. వాడి వెయ్యి, పన్నెండొందల రియాళ్ల జీతం ఒంటె హోటల్లో రెండు, మూడు రాత్రులకు చాలుతుంది. ఒంటె కాబట్టి గది ఇస్తారు. వాడికి అదీ ఇవ్వరు.

ఎడారి దొరల వెర్రి అని నవ్వుకుంటున్నారా? కాస్త ఆగండి. ఈ సూది విద్యకు విశ్వవిద్యాలయం వేరే ఉంది. అది అట్లాంటిక్ అవతల ఉంది.

2020 ఫిబ్రవరి 29. రియాద్‌లో మొట్టమొదటి సౌదీ కప్. రెండు కోట్ల డాలర్ల గుర్రప్పందెం. ప్రపంచంలో అంతకన్నా ఖరీదైనది లేదని డప్పు. గెలిచింది అమెరికా గుర్రం. పేరు చూడండి: మాక్సిమమ్ సెక్యూరిటీ! గెలుపుకు కోటి డాలర్లు. తొమ్మిది రోజులు తిరిగాయో లేదో, మార్చి 9న న్యూయార్క్‌లో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు రెండు డజన్లకు పైగా శిక్షకులు, పశువైద్యులు, మందుల అమ్మకందారుల మీద కేసు పెట్టారు. గుర్రాలకు దొంగ మందులు ఎక్కించారని అభియోగం. ఆ జాబితాలో మాక్సిమమ్ సెక్యూరిటీ శిక్షకుడు జేసన్ సర్విస్ పేరు ఉంది. సౌదీ జాకీ క్లబ్ కోటి డాలర్లను పెట్టెలో పెట్టి తాళం వేసింది. దర్యాప్తు చేస్తామంది. సర్విస్ తప్పు ఒప్పుకున్నాడు. 2023లో నాలుగేళ్ల జైలు పడింది. అప్పటికీ రియాద్ దర్యాప్తు తెమలలేదు. చివరికి 2024 ఆగస్టులో గుర్రాన్ని అనర్హం చేసి, రెండో స్థానంలో వచ్చిన మిడ్‌నైట్ బిసూ అనే ఆడగుర్రాన్ని విజేతగా ప్రకటించారు. నాలుగున్నరేళ్లు! ఈ ఓపికను గుర్తుపెట్టుకోండి. తర్వాత పని పడుతుంది.

శిక్షకుడు కేసులో ఇరుక్కున్నాక గుర్రాన్ని యజమానులు ఎవరికి అప్పగించారు? బాబ్ బాఫర్ట్‌కు. అమెరికాలో ఆయన్ను మించిన పేరున్న శిక్షకుడు లేడు. మర్నాడే కాకపోయినా, మరుసటి ఏడాదే ఆయన బాగోతమూ బయటపడింది. 2021 మే 1న కెంటకీ డర్బీ గెలిచింది ఆయన గుర్రం మెడీనా స్పిరిట్. యజమాని సౌదీ వ్యాపారి అమ్ర్ జెదాన్. జూదం నిషేధమైన దేశపు పెద్దమనిషి, జూదమే ఊపిరైన అమెరికా పందానికి, పవిత్ర నగరం పేరు పెట్టుకున్న గుర్రాన్ని తోలాడు. వారం తిరిగేసరికి రక్తంలో బీటామెథాసోన్ అనే స్టెరాయిడ్ తేలింది. బాఫర్ట్ గుర్రాలు పదమూడు నెలల్లో పరీక్ష తప్పడం అది ఐదోసారి.

అయ్యగారు ఏమన్నారు? ఇదంతా క్యాన్సిల్ కల్చర్ అని టీవీలో మొత్తుకున్నారు. తర్వాత దురదకు పూసిన మలాము వల్ల అన్నారు. అంతకుముందు ఇంకో గుర్రం దొరికినప్పుడు చెప్పిన కథ ఇంకా రమ్యం. గుర్రపుశాలలో పనివాడు దగ్గు మందు తాగాడట. గడ్డి మీద మూత్రం పోశాడట. ఆ గడ్డిని గుర్రం తిన్నదట! చూశారా? కోట్ల డాలర్ల సామ్రాజ్యంలో ఏ పాపం జరిగినా కడకు చేరేది పేడ ఎత్తేవాడి దగ్గరికే. అమెరికాలోనూ అంతే, అరేబియాలోనూ అంతే.

మెడీనా స్పిరిట్ ఆ డిసెంబరులోనే కాలిఫోర్నియాలో సాధన పరుగు తీస్తూ కూలి చచ్చిపోయింది. 2022 ఫిబ్రవరి 21న దాని డర్బీ కిరీటం లాక్కున్నారు. అప్పటికే డర్బీ నడిపే చర్చిల్ డౌన్స్ సంస్థ బాఫర్ట్‌ను గేటు బయట నిలబెట్టింది. సరిగ్గా ఐదు రోజులకు, ఫిబ్రవరి 26న, రియాద్‌లో సౌదీ కప్. అందులో పరుగెత్తిన కంట్రీ గ్రామర్ శిక్షకుడు ఎవరు? ఆయనే! యజమానుల్లో ఒకరు? జెదాన్ గారే! రెండో స్థానం, 35 లక్షల డాలర్లు. ఆ పందెంలో ఆ గుర్రం మీద మచ్చేమీ లేదు. సందేహం గుర్రం మీద కాదు, ఆహ్వాన పత్రిక మీద.

మెడీనా స్పిరిట్ దొరికిన రోజు అప్పటికి మాజీ అధ్యక్షుడైన డొనాల్డ్ ట్రంప్ ఒక ప్రకటన విడుదల చేశారు. డర్బీ గెలిచిన గుర్రం కూడా మత్తుబానిసేనని, దేశం ఎటు పోతోందో దానికిదే గుర్తని వాపోయారు. నోరులేని జంతువును డ్రగ్ అడిక్టును చేశారు. బాగుంది. 2025లో ఆయన పెద్దకొడుకు భాగస్వామిగా ఉన్న 1789 క్యాపిటల్ ఏం చేసింది? ఎన్‌హాన్స్‌డ్ గేమ్స్‌లో పెట్టుబడి పెట్టింది. అంటే మందులు వాడుకోండి, రికార్డులు కొట్టండి, పది లక్షల డాలర్లు పట్టుకుపోండి అనే బహిరంగ డోపింగ్ ఆటలు. వేదిక లాస్ వేగాస్. తండ్రికి మందు కొట్టిన గుర్రం దేశానికి అవమానం. కొడుక్కి మందు కొట్టిన మనిషి స్టార్టప్!

అమెరికా నీతుల చరిత్ర పెద్దది, అన్నీ చెబితే పేజీ చాలదు. అధ్యక్షుడు జార్జ్ బుష్ 2004లో దేశాన్ని ఉద్దేశించి ప్రసంగిస్తూ, ఇరాక్ యుద్ధం మధ్యలో, క్రీడల్లో స్టెరాయిడ్ల మీద ధ్వజమెత్తారు. గవర్నర్ కాకముందు ఆయన టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు యజమానుల్లో ఒకరు. ఆ జట్టు డ్రెస్సింగ్ రూములోనే సూదులు నడిచాయని ఆటగాడు హోసే కాన్సెకో మరుసటి ఏడాది పుస్తకం రాశాడు. అదే జట్టులో ఆడిన రఫాయెల్ పాల్మీరో 2005 మార్చిలో అమెరికా కాంగ్రెస్ ముందు వేలు చూపించి మరీ స్టెరాయిడ్లు ముట్టలేదని ప్రమాణం చేశాడు. ఆగస్టులో దొరికిపోయాడు. అప్పటికే ఆయన టీవీలో వయాగ్రా ప్రకటనల మొనగాడు. పడకగదిలో సామర్థ్యం పెంచే మాత్ర అమ్మితే ప్రచారకర్త. మైదానంలో పెంచే మాత్ర మింగితే పాపాత్ముడు. మాత్ర మాత్రే. గదే వేరు.

మరి చట్టం? ఉంది. 2020 డిసెంబరులో రాడ్చెంకోవ్ చట్టం తెచ్చారు. ప్రపంచంలో ఎక్కడ అంతర్జాతీయ పోటీ జరిగినా, అందులో అమెరికా ప్రయోజనం ఉంటే, డోపింగ్ ముఠాలను అమెరికాకు లాక్కొచ్చి పదేళ్ల దాకా జైల్లో వేయొచ్చు. వారెవ్వా! అయితే ఒక చిన్న మినహాయింపు. అమెరికా సొంత ప్రొఫెషనల్ లీగులకు వర్తించదు. కాలేజీ క్రీడలకూ వర్తించదు. ఫుట్‌బాల్, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, ఎక్కడ డబ్బు పొంగుతుందో అక్కడ చట్టం చెప్పులు విప్పి బయట కూర్చుంటుంది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. చైనా ఈతగాళ్ల కేసును సరిగ్గా చూడలేదని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడాకు 2024 చందా కట్టకుండా నిలిపేసిందీ ఈ అత్తగారే.

మనం నవ్వడానికి తగుదుమా అంటే, అదీ చెప్పుకుందాం. వాడా లెక్కల్లో డోపింగ్ శాతంలో భారత్‌ది 2022లోనూ, 2023లోనూ ఎక్కువ పరీక్షలు జరిపే దేశాల్లో మొదటి స్థానం. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్‌కు పరీక్షల అధికారులు వచ్చారని తెలియగానే వంద మీటర్ల ఫైనల్లో ఒకే ఒక్కడు పరుగెత్తాడు. మిగిలినవాళ్లు అంతకన్నా వేగంగా ఇళ్లకు పరుగెత్తారు. బంగారు పతకాలు వాళ్లకే ఇవ్వాల్సింది.

మళ్లీ రియాద్‌కు వెళదాం. అక్కడ బాక్సింగ్ ఉంది. జారెల్ మిల్లర్ అనే అమెరికా బాక్సర్ 2019లో ఆంథోనీ జాషువాతో న్యూయార్క్‌లో తలపడాలి. మూడు రకాల నిషిద్ధ మందులు ఒంట్లో దొరికాయి. పోరు పోయింది. 2020లో మళ్లీ దొరికాడు. రెండేళ్ల నిషేధం. 2023 డిసెంబరు 23న ఆయన ఎక్కడ తేలాడు? రియాద్‌లో. రియాద్ సీజన్ వెలుగుల్లో. ఆ రాత్రికి పెట్టిన పేరు ‘డే ఆఫ్ రెకనింగ్’, అంటే లెక్క తేల్చే రోజు! ఎవరి లెక్క, ఏ లెక్క అని అడక్కండి. ర్యాన్ గార్సియా అనే మరో అమెరికా కుర్రాడు 2024లో ఓస్టరీన్‌తో దొరికాడు. ఏడాది నిషేధం. అది ముగిసీ ముగియగానే, 2025 మే 2న, తుర్కీ అల్ అల్‌షేక్ గారు న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ నడిబొడ్డున రింగు కట్టించి మరీ ఎక్కించారు. ఈయన సౌదీ వినోద ప్రాధికార సంస్థకు అధిపతి. శిక్ష అనుభవించినవాడికి రెండో అవకాశం ఇస్తే తప్పేముంది అంటారా? తప్పు లేదు. నేనూ ఒప్పుకుంటాను. రెండో అవకాశం గొప్ప మాట.

ఆ గొప్ప మాట పక్కనే ఇంకో మాట పెట్టి చూడండి. కాప్టగాన్.

1960ల్లో జర్మనీ కంపెనీ తయారుచేసిన మాత్ర అది. ఒంట్లోకి వెళ్లాక యాంఫెటమిన్‌గా మారుతుంది. నిద్ర రాదు. ఆకలి తెలియదు. అలుపు అనిపించదు. 1986 నుంచి అంతర్జాతీయ నియంత్రణలో ఉంది. అసలు తయారీ ఆగిపోయినా నకిలీ మాత్రలు సిరియా, లెబనాన్‌ల నుంచి వరదలా వచ్చాయి. మాత్ర మీద రెండు నెలవంకలు. అందుకే ముద్దుపేరు అబూ హిలాలైన్. వచ్చేది ఎక్కడికి? ఎక్కువగా సౌదీకే. 2021లో దానిమ్మ కాయల్లో కూరిన యాభై లక్షలకు పైగా మాత్రలు పట్టుబడి, లెబనాన్ కూరగాయలనే నిషేధించారు. 2022లో రియాద్‌లో గోధుమ పిండి సరుకులో దాదాపు 4 కోట్ల 70 లక్షల మాత్రలు దొరికాయి. పట్టుబడినవాళ్లు ఎనిమిది మంది. ఆరుగురు సిరియావాళ్లు, ఇద్దరు పాకిస్తానీలు. నాలుగు కోట్ల డెబ్బై లక్షలు ఎవరు మింగడానికి? ఆ ఎనిమిది మందేనా? కొనేవాడి ఇంటి తలుపు ఎప్పుడైనా తట్టారా?

ఈ యాంఫెటమిన్ కుటుంబమే అమెరికాలో ఏం చేస్తుందో చూడండి. ఆడరాల్ అని పేరు మార్చుకుని డాక్టరు చీటీతో కాలేజీ పిల్లల సంచుల్లో ఉంటుంది. బేస్‌బాల్ ఆటగాళ్లకు యాంఫెటమిన్లు 2006లో నిషేధించారు. ఆ ఏడాది, ఏకాగ్రత లోపం ఉంది కాబట్టి మందు వేసుకోవడానికి అనుమతి ఇమ్మని వచ్చి పొందినవాళ్లు 28 మంది. 2007లో? 103! ఒక్క ఏడాదిలో అంతమంది కోటీశ్వర ఆటగాళ్లకు ఏకాగ్రత తప్పింది. అంటువ్యాధి కాబోలు.

అంతకన్నా పెద్దది ఇంకోటుంది. 1987లో సౌదీ ఉలేమా మండలి ఫత్వా ఇచ్చింది: మత్తుమందులు దేశంలోకి తెచ్చినవాడికి మరణమే. నాలుగేళ్లు గడిచాయి. 1991, గల్ఫ్ యుద్ధం. ధహ్రాన్, అల్ ఖర్జ్ స్థావరాల నుంచి అమెరికా యుద్ధ విమానాలు లేచాయి. పైలట్లు నిద్రపోకుండా ఉండటానికి అమెరికా వైమానిక దళమే డెక్స్‌ట్రో యాంఫెటమిన్ మాత్రలు పంచింది. ‘గో పిల్’ అని ముద్దుగా పిలుచుకునేవారు. డెజర్ట్ స్టార్మ్‌లో సగానికి పైగా పైలట్లు వాటిని వాడామని తర్వాత సర్వేలో స్వయంగా చెప్పారు. ఆ మాత్రలు దేశంలోకి ఎలా వచ్చాయి? కస్టమ్స్ ఎవరు చూశారు? కుక్కలు వాసన పట్టలేదా? ఏ ముఫ్తీ అయినా గొంతు విప్పాడా? పైలట్ జేబులో ఉంటే దేశరక్షణ. రాత్రంతా లారీ తోలేవాడి జేబులో ఉంటే చేటు.

2015 అక్టోబరులో బీరూట్ విమానాశ్రయంలో ఒక సౌదీ రాకుమారుడు ప్రైవేటు జెట్ ఎక్కబోతూ పట్టుబడ్డాడు. సామానులో దాదాపు రెండు టన్నుల కాప్టగాన్. కిలోలు కాదండీ, టన్నులు. పట్టుకున్నది లెబనాన్ పోలీసులు కాబట్టి సౌదీ కత్తికి పని పడలేదు. ఆ జెట్ చల్లగా ఎగిరి సౌదీలో దిగి ఉంటే? రాజుగారి బంధువు పెట్టెలు విప్పే కస్టమ్స్ సిపాయి ఉన్నాడా?

మన పిల్లల పెట్టెలు మాత్రం విప్పుతారు. శంషాబాద్‌లో విమానం ఎక్కే ముందు ఊరివాళ్లు చెప్పే జాగ్రత్తలు వినండి. గసగసాలు పెట్టుకోవద్దు, కోడికూర మసాలాలో కూడా వద్దు, అక్కడ అవి నిషిద్ధం. చీటీ లేకుండా దగ్గు మందు వద్దు, నొప్పి మాత్ర వద్దు. ఎవరి పార్సిలూ పట్టుకోవద్దు, మేనమామ ఇచ్చినా సరే. రెండు టన్నుల రాకుమారుడికి ఇలాంటి మేనత్త దొరకలేదు పాపం.

సౌదీలో 2020 నుంచి దాదాపు మూడేళ్ల పాటు మత్తుమందుల కేసుల్లో మరణశిక్షలు అమలు చేయకుండా ఆపారు. లోకం మెచ్చుకుంది. సంస్కరణలంది. విజన్ 2030 అంది. 2022 నవంబరు 10న మళ్లీ మొదలుపెట్టారు. రెండు వారాలు తిరగకముందే పదిహేడు మంది. వారిలో సిరియన్లు, పాకిస్తానీలు, జోర్డానీలు పది మంది. 2024లో ఆమ్నెస్టీ లెక్క ప్రకారం మొత్తం 345 మందిని చంపారు. అందులో 122 మంది మత్తుమందుల కేసులే. ఆ డిసెంబరులోనే ఫిఫా 2034 ప్రపంచ కప్పును సౌదీ చేతిలో పెట్టింది. 2025 మేలో ట్రంప్ రియాద్ వెళ్లి యువరాజును ఆకాశానికెత్తారు. గుర్రాన్ని మత్తుబానిస అన్న నోరు ఈ 122 మంది గురించి ఏమైనా అడిగిందా?

ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఓపిక ఉందే, అది ఇప్పుడు తీయండి. మాక్సిమమ్ సెక్యూరిటీ యజమానులకు నాలుగున్నరేళ్ల దర్యాప్తు, లాయర్లు, వాదనలు, చివర్లో అధికారిక ప్రకటన. మత్తుమందు కేసులో తల పోయినవాడి భార్యకు చాలాసార్లు కబురు కూడా ముందు అందదు. సౌదీ ప్రెస్ ఏజెన్సీ వార్త చూసి తెలుసుకోవాలి. శవం అడిగితే ఇవ్వరు. ఎక్కడ పాతారో చెప్పరు.